చదివినట్టు సంతకం

ఆ లిఫ్టుల కంపెనీలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె పానా అక్క. చేరిన కొత్తలో ఒక పెద్ద మెకానిక్, "ఆడపిల్లవి, పానా తిప్పగలవా?" అని నవ్వితే, అతని చేతిలోంచి పానా లాక్కుని, అతను అరగంటగా కుస్తీ పడుతున్న బోల్టును రెండు గుంజుల్లో ఊడదీసి అతని అరచేతిలో పెట్టిందట. అది జరిగి పందొమ్మిదేళ్ళు. పేరు మాత్రం అలా అతుక్కుపోయింది.

ఆమె చూసుకోవాల్సిన లిఫ్టులు ముప్పై ఎనిమిది. పొద్దున ఎనిమిదింటికి సంచి భుజాన వేసుకుని బయల్దేరితే సాయంత్రం దాకా ఒక మేడ దిగడం, ఇంకో మేడ ఎక్కడం. మేడ పైకప్పు మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఉండే మెషిన్ రూమే ఆమెకు ఆఫీసు. అసలు ఆఫీసు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. ఏడాదికోసారి యూనిఫాం తెచ్చుకోవడానికి తప్ప అటు వెళ్ళే పని ఉండేది కాదు. ఏ లిఫ్టు ఆగినా కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చేది. ఆమె వెళ్ళేది, బాగుచేసేది. అంతే.

అలాంటిది ఒక నెల జీతం కాగితంతో పాటు చిన్న చీటీ వచ్చింది. ఇకనుంచి ప్రతి ఉద్యోగికీ కంపెనీ మెయిల్ ఉంటుందట. ముఖ్యమైన సంగతులన్నీ అందులోనే వస్తాయట. కింద ఆమె మెయిల్ అడ్రసు, ఒక తాత్కాలిక పాస్‌వర్డు ఉన్నాయి. అన్నం తినే వేళ మెషిన్ రూమ్ గుమ్మంలో కూర్చుని ఫోన్‌లో కొట్టి చూసింది. "మీరు కంపెనీ నెట్‌వర్కులో లేరు" అని ఎర్రక్షరాలు వచ్చాయి. నాలుగుసార్లు కొట్టినా అవే అక్షరాలు.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది. అక్కడుండేది ఒక్కడే మనిషి. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. అందరి పాస్‌వర్డులూ అతనే మారుస్తాడు కాబట్టి పాస్‌వర్డ్ బాబాయ్ అంటారు. ఎప్పుడు మాట్లాడినా అప్పుడే కునుకు తీసి లేచినట్టుంటుంది గొంతు.

"మెయిల్ తెరిచే పద్ధతంతా లోపలి సైటులో వివరంగా పెట్టామమ్మా. చూసుకో," అన్నాడు.

"ఆ సైటు ఎలా తెరవాలి బాబాయ్?"

"ఆఫీసు నెట్‌వర్కులోంచి."

"నేను తొమ్మిదో అంతస్తు పైకప్పు మీదున్నాను."

"అయితే నీ ఇబ్బంది ఏమిటో మాకో మెయిల్ రాసి పెట్టు. చూస్తాం."

"ఏ మెయిల్‌లోంచి రాయను?"

"ఆఫీసు మెయిల్‌లోంచే. బయటి మెయిల్స్ మేం తీసుకోం."

ఆమె ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసి మళ్ళీ పెట్టుకుంది. "బాబాయ్, మీరు చెప్పేది మీకు వినిపిస్తోందా?"

అటువైపు నిట్టూర్పు. "వినిపిస్తోందమ్మా. రూలు నేను పెట్టింది కాదు."

కంపెనీలో మెకానిక్కులు ఇరవై ఏడుగురు. ఒక్కరికీ ఆ మెయిల్ తెరుచుకోలేదు. సూపర్‌వైజర్‌కి చెప్పారు. ఆయన "పైవాళ్ళ చెవిన వేస్తాను" అన్నాడు. ఆయన మంచివాడే. కాకపోతే ఆ మంచితనమంతా ఎవరితోనూ పేచీ రాకుండా చూసుకోవడంలోనే అయిపోయేది. రెండు వారాలు అందరూ దాని గురించి నవ్వుకున్నారు. తర్వాత మర్చిపోయారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె చూసుకునే ఆరంతస్తుల మేడలో లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగి, తలుపు తెరుచుకుంది. రిటైరైన లెక్కల టీచరుగారు ఒకావిడ బయటికి అడుగు వేయబోతుంటే లిఫ్టు జానెడు కిందికి జారింది. ఆవిడ ముందుకు పడి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది.

పానా అక్క వెళ్ళి బ్రేకు విప్పి చూస్తే, డ్రమ్మును గట్టిగా పట్టుకోవాల్సిన లైనింగు బిస్కెట్టులా పొడిపొడిగా రాలుతోంది. మూడు వారాల క్రితం తన చేతులతో వేసిన కొత్త లైనింగు. స్టోరు నుంచి సీలు తీయని డబ్బాలో వచ్చింది. ఆమె ఆ పొడిని వేళ్ళ మధ్య నలుపుతూ చాలాసేపు అక్కడే కూర్చుంది. పందొమ్మిదేళ్ళలో ఆమె లిఫ్టులో ఒక మనిషికి దెబ్బ తగలడం అదే మొదలు.

మర్నాడు మెమో వచ్చింది. ఈ రకం లైనింగులో ఫలానా బ్యాచి నాసిరకమని తేలిందనీ, ఎవరూ వాడవద్దని అయిదు వారాల క్రితమే మెకానిక్కులందరికీ మెయిల్ పంపామనీ, అది చదివి కూడా నిర్లక్ష్యంగా వాడినందుకు సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. మెమోతో పాటు టైపు చేసిన ఇంకో కాగితం తెచ్చాడు సూపర్‌వైజర్. "సదరు నోటీసు నేను చదివాను. అయినా పొరపాటున వాడాను. మన్నించగలరు." కింద సంతకానికి చుక్కల గీత.

"దీని మీద ఒక సంతకం పెట్టమ్మా," అన్నాడు. "వార్నింగుతో పోతుంది. చీఫ్ ఇంజనీరుగారితో మాట్లాడి ఒప్పించాను. నీ మేలు కోరే చెబుతున్నా."

"నేను చదవలేదు కదా సర్."

"ఆ సంగతి నాకూ తెలుసు. సంతకమే కదా."

"చదవనిదాన్ని చదివానని ఎలా రాయను?"

"రాయకపోతే విచారణ పెడతారు. అక్కడ తేడా వస్తే ఉద్యోగమే పోతుంది. పట్టుదలకి పోకు."

"విచారణ పెట్టమనండి," అని ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో ఆమె భర్త ఈ మాట వినగానే నీరుగారిపోయాడు. స్కూలు వ్యాను నడుపుతాడు. రోజంతా పిల్లల అరుపుల మధ్య ఉంటాడు కాబట్టి ఇంట్లో గొంతు పెద్దది చేయడు. "పోనీ పెట్టెయ్యకూడదూ? పిల్ల కాలేజీలో చేరేదాకా అయినా కాస్త సర్దుకుందాం," అన్నాడు మెల్లగా.

"నేను చేసింది నేను చేశానంటానండీ. ఆ లైనింగు నేనే వేశాను. కానీ తెలిసి వేశానంటే మాత్రం ఒప్పుకోను. తెలిసి వేసుంటే నేను మనిషినేనా?"

అప్పటిదాకా కిటికీ దగ్గర కూర్చుని బటన్లు కుట్టుకుంటున్న అత్తగారు కళ్ళద్దాల పైనుంచి కొడుకుని చూసింది. "నీకెందుకురా అంత భయం? సంతకం దానిది, చెయ్యి దానిది. అమ్మాయ్, నువ్వు పెట్టకు. వాళ్ళకి అంత కావాలంటే వాళ్ళనే పెట్టుకోమను."

మర్నాడు సాయంత్రం పానా అక్క ఆ టీచరుగారింటికి వెళ్ళింది. చేతికి కట్టుతో ఆవిడ తలుపు సగమే తెరిచింది.

"ఆ బ్రేకు సామాను నేనే వేశానండి. బాగోలేదని నాకు తెలియదు. తెలియకపోయినా వేసింది నేనే."

"తెలుసుకోవడం నీ పని కాదూ?" అంది ఆవిడ. "నా లిఫ్టు సంగతి సరే. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

కాగితం గొడవలో పడి ఆమె అటువైపు ఆలోచించనే లేదు. ఆవిడ తలుపు వేసేసింది. క్షమించానని అనలేదు, కూర్చోమనీ అనలేదు.

విచారణకి ఎనిమిది రోజులుంది. పానా అక్క ఆ రాత్రి భోజనం ముందే మెకానిక్కులందరికీ ఫోన్లు చేసింది. మెమోలో ఉన్న బ్యాచి నంబరు చదివి, "మీ లిఫ్టుల్లో వేసినవన్నీ చూడండి," అంది. రెండు రోజులు, ఈ మధ్య తను లైనింగు మార్చిన లిఫ్టులన్నిటి బ్రేకులూ విప్పి చూసుకుంది. ఆమె దగ్గర ఇంకో మూడు, మిగతావాళ్ళ దగ్గర ఎనిమిది తేలాయి. ఊళ్ళో పదకొండు లిఫ్టులు ఆ పొడిబారే లైనింగు మీద మనుషుల్ని మోస్తున్నాయి.

సూపర్‌వైజర్‌కి చెప్పింది. "కొత్త లైనింగులు రావడానికి మూడు వారాలు పడుతుందట. అందాకా జాగ్రత్తగా నడపండి," అన్నాడు.

"జాగ్రత్తగా అంటే? జనం జాగ్రత్తగా పడాలా?"

"అంత మాటెందుకమ్మా..."

"ఆపేస్తున్నాను సర్."

"పర్మిషన్ లేకుండా ఆపితే నీ మీద ఇంకో మెమో వస్తుంది! ఒకటి చాలదా?"

"రానివ్వండి. పక్కపక్కన పెట్టుకుంటాను."

ఆ మధ్యాహ్నమే మూడు లిఫ్టులకీ మెయిన్ స్విచ్చి దించి, తాళం వేసి, తలుపులకి అట్టముక్కలు కట్టింది. "బ్రేకు బాగోలేదు. మెట్లు వాడండి" అని తనే రాసి, కింద తన ఫోన్ నంబరు కూడా రాసింది. మిగతావాళ్ళలో కొందరు వెనకాడారు. "నీకెలాగూ పోయేది పోయింది, మమ్మల్నెందుకు లాగుతావు?" అని ఒకతను మొహం మీదే అన్నాడు. "నిన్ను లాగడం లేదు. ఆ లిఫ్టులో నీ కూతుర్ని ఎక్కించి పైదాకా పంపు, తర్వాత నడుపుకో," అంది. అతను తిట్టుకుంటూ వెళ్ళాడు. గంట తర్వాత అతని లిఫ్టు కూడా ఆగింది. సాయంత్రానికి పదకొండూ ఆగాయి.

ఆమె ఫోన్ వేడెక్కిపోయింది. ఏడో అంతస్తు పెద్దమనిషి ఒకాయన నీళ్ళ క్యాను మెట్ల దగ్గర దించి, "ఇదెవరు మోస్తారు, నువ్వా?" అని రంకెలేశాడు. "నేనే మోస్తాను, జరగండి," అని ఆమె క్యాను భుజానికెత్తుకుంది. నాలుగో అంతస్తు దాటేసరికి ఆయనే ఆయాసపడుతూ, "ఇక దించమ్మా, నేను తీసుకెళతాలే," అన్నాడు. ఇంకో మేడలో ఆడవాళ్ళంతా కలిసి కంట్రోల్ రూమ్‌కి వరసపెట్టి ఫోన్లు చేశారు. మూడు వారాలు పడుతుందన్న లైనింగులు రెండో రోజు పొద్దున్నే ఆటోలో వచ్చాయి.

మిగతావాళ్ళతో కలిసి పదకొండు బ్రేకులూ మార్చి, చేతులకంటిన నల్లటి మసి పూర్తిగా వదలకుండానే, ఆమె విచారణకి వెళ్ళింది.

పొడవాటి బల్లకి అటువైపు ముగ్గురు. చీఫ్ ఇంజనీరు, సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ, సూపర్‌వైజర్. ఇటువైపు ఒకే కుర్చీ. మంచినీళ్ళ సీసాలు మూడూ అటువైపే ఉన్నాయి.

ఆఫీసరమ్మ ఒక ప్రింటు కాగితం ముందుకు జరిపింది. "ఇది నీకు వెళ్ళిన మెయిల్. తేదీ ఉంది, టైము ఉంది, నీ అడ్రసు ఉంది. చేరినట్టు రికార్డు కూడా ఉంది. ఇంకా చదవలేదంటే ఎలా నమ్మాలి?"

"చేరింది మేడం. తాళం వేసిన గదిలోకి చేరింది. ఆ తాళంచెవి ఈ బిల్డింగులో ఉంది. నేనేమో ఈ బిల్డింగులో లేను."

"చీటీలో పాస్‌వర్డు ఇచ్చాం కదా?" అన్నాడు చీఫ్ ఇంజనీరు.

"ఇచ్చారు సర్. ఒక్కసారి నాతో కిందికి వస్తారా?"

"ఎందుకు?"

"నేను పనిచేసే చోట మెయిల్ ఎలా తెరవాలో నాకెవరూ చూపించలేదు. మీరు చూపిస్తే నేర్చుకుంటాను. చూపించగలిగితే ఇదిగో, మీ కాగితం మీద అక్కడే సంతకం పెట్టేస్తాను." సంచిలోంచి ఆ మడత కాగితం తీసి, పెన్ను మూత కూడా తీసి చేత్తో పట్టుకుంది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆఫీసరమ్మకి మాత్రం ఆ పెన్ను చూస్తే అయిదు నిమిషాల్లో పని తేలిపోతుందనిపించింది. "పదండి, చూద్దాం," అని లేచింది.

రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బస్‌స్టాపులోకి తీసుకెళ్ళింది పానా అక్క. బస్సు కోసం నిలబడ్డ నలుగురైదుగురు పక్కకి జరిగి వీళ్ళని వింతగా చూశారు. ఆఫీసరమ్మ తన ఫోన్ తీసి మెయిల్ నొక్కింది. ఎర్రక్షరాలు. పైకెత్తి పట్టుకుంది. ఎర్రక్షరాలే.

"మీరెప్పుడూ ఇంటి దగ్గర తెరవలేదా మేడం?"

"ఇంటికెళ్ళాక నేను ఆఫీసు పని ముట్టుకోను," అందావిడ. అన్నాక ఆ మాట తనకే ఎలాగో అనిపించి ఫోన్ దించేసింది.

"నాది తెరుచుకుంటుంది," అని చీఫ్ ఇంజనీరు తన ఫోన్ తీశాడు. కాసేపు చూశాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ చూశాడు. ఆయన చెవులు కూడా ఆ అక్షరాల రంగుకి తిరిగాయి.

అప్పుడు వెనకనుంచి, కునుకు తీసి లేచినట్టుండే ఆ గొంతు వినిపించింది. "ఎంత నొక్కినా రాదు సర్." పాస్‌వర్డ్ బాబాయ్ పిలవకుండానే రోడ్డు దాటి వచ్చాడు. చొక్కా జేబుకి కంపెనీ కార్డు వేలాడుతోంది. "బయట తెరుచుకునేలా చేయొచ్చు. మనిషికి పావుగంట పని. ఫోన్‌లో ఒక యాప్ బిగించి, వాళ్ళ నంబరుకి రహస్య సంఖ్య వచ్చేలా పెడితే చాలు. మీ అనుమతి ఒక్కటే కావాలి. మూడుసార్లు అడిగాను."

"నన్నెప్పుడు అడిగారు?" అన్నాడు చీఫ్ ఇంజనీరు.

"మెయిల్‌లో సర్."

బస్‌స్టాపులో ఎవరో ఫక్కున నవ్వారు. చీఫ్ ఇంజనీరు ఫోన్ జేబులో పెట్టుకుని, పానా అక్క చేతిలో మూత తీసి ఉన్న పెన్నుని చూసి, చూపు తిప్పుకున్నాడు.

మళ్ళీ పైకెళ్ళాక మాటలు తక్కువ జరిగాయి. నోటీసు చదివిందన్న ఆరోపణ కొట్టేశారు. కానీ అనుమతి లేకుండా లిఫ్టులు ఆపినందుకు మూడు రోజుల జీతం కోత వేశారు. ఏదో ఒకటి వెయ్యకపోతే వాళ్ళకి పరువు దక్కదని ఆమెకి అర్థమైంది. ఆ ఉత్తర్వు ముందు పెట్టి, "దీని మీదైనా సంతకం పెడతావా?" అంది ఆఫీసరమ్మ.

"ఇది నిజమే కదా మేడం. పెడతాను."

సంతకం పెట్టి, దాని కింద ఇంకో లైను రాసింది. "ఆపింది నేనే. అవసరమొస్తే మళ్ళీ ఆపుతాను."

"అలా రాయకూడదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్ కంగారుగా.

"రాసేశాను సర్."

ఆఫీసరమ్మ ఆ కాగితాన్ని ఒకసారి చదివి ఫైల్లో పెట్టేసుకుంది.

ఆమె లేవలేదు. "బాబాయ్ అడిగిన అనుమతి?"

"పరిశీలిస్తాం," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

"పరిశీలించండి సర్. కూర్చుంటాను." నిజంగానే కూర్చుంది. వాళ్ళు భోజనానికి వెళ్ళి వచ్చారు. ఆమె అదే కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది. మూడింటికి చీఫ్ ఇంజనీరు పాస్‌వర్డ్ బాబాయ్ చేతికి సంతకం పెట్టిన కాగితం ఇచ్చాడు. మెయిల్ కాదు, కాగితమే. ఎందుకైనా మంచిదని బాబాయే పట్టుబట్టి రాయించుకున్నాడు.

శనివారం ఇరవై ఏడుగురు మెకానిక్కులూ ఒక పాత మేడ మెషిన్ రూమ్‌లో పోగయ్యారు. బాబాయ్‌కి మేడ ఎక్కడం అదే మొదటిసారి. లిఫ్టును లాగే పెద్ద చక్రాన్ని, ఇనప తాళ్ళని నోరు తెరుచుకుని చూశాడు. "ఇంత పెద్ద సరంజామా ఉంటుందా పైన! నేనింకా బటన్ నొక్కితే అదే పోతుందనుకున్నాను," అన్నాడు. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని ఒక్కొక్కరి ఫోనూ తీసుకున్నాడు. పగిలిన అద్దాలు, గ్రీజు మరకలు, ఒకదానికి వెనక మూతే లేదు. ఎవరినీ విసుక్కోలేదు. కొత్త పాస్‌వర్డు ఏం పెట్టాలో తెలియక తల గోక్కున్నవాళ్ళకి, "మీ ఆవిడకి కూడా చెప్పని మాట పెట్టండి," అన్నాడు. "అలాంటిది ఒక్కటీ లేదు బాబాయ్," అన్నాడొకతను. గదంతా నవ్వులు.

పన్నెండున్నరకి పానా అక్క మెయిల్ తెరుచుకుంది. చదవనివి నూట నలభై రెండు. టీ కప్పులు ఎవరివి వారే కడుక్కోవాలి. కార్లు గీతల మధ్యలోనే నిలపాలి. మూడో అంతస్తులో ఎవరిదో గొడుగు దొరికింది. పాతవాటితో మొదలుపెట్టి ఆమె వేలితో పైకి తోస్తూ పోయింది. బ్రేకు లైనింగు నోటీసు కనిపించింది. మొత్తం అయిదు లైన్లు. చదివి, నిట్టూర్చి, ఇంకా తోసింది.

ఒకచోట వేలు ఆగిపోయింది.

"అందరూ ఒక్క నిమిషం ఆగండి." ఆమె పైకి చదివింది. ఫలానా కంపెనీ తలుపు తాళాల్లో స్ప్రింగు విరుగుతోంది, లిఫ్టు లేకుండానే తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంది, వెంటనే తనిఖీ చేయండి. తేదీ చూసింది. వచ్చి పందొమ్మిది రోజులైంది.

"నా దగ్గర ఆరున్నాయి అవి," అన్నాడు మూలనుంచి ఒకతను. తన లిఫ్టును ఆపడానికి తిట్టుకుంటూ వెళ్ళినవాడు. అప్పటికే సంచి భుజాన వేసుకుంటున్నాడు.

"నా దగ్గర రెండు."

"నాకు స్కూల్లో ఒకటుంది. నేను పోతున్నా."

బాబాయ్ చేతిలో ఇంకా ఇద్దరి ఫోన్లు మిగిలే ఉన్నాయి. "ఇవి అయ్యేదాకా..." అన్నాడు. "మీరు కానివ్వండి బాబాయ్, మళ్ళీ వచ్చి తీసుకుంటారు," అంది పానా అక్క.

ఆమె గోడకి ఆనుకుని, నల్లటి బొటనవేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన మొదటి ఆఫీసు మెయిల్ రాసింది. చీఫ్ ఇంజనీరుకి, ఆఫీసరమ్మకి, సూపర్‌వైజర్‌కి, మిగతా ఇరవై ఆరుగురికీ పెట్టింది.

"తలుపు తాళాల నోటీసు ఈ రోజు పన్నెండు గంటల నలభై నిమిషాలకి చదివాం. ఈ రోజే చదివాం, అంతకు ముందు చదవలేదు. ఆ తాళాలున్న లిఫ్టులన్నీ ఇప్పుడే ఆపుతున్నాం. దీనికి పర్మిషన్ అడగడం లేదు, తెలియజేస్తున్నాం. కొత్త స్ప్రింగులు సోమవారం పొద్దున్నకల్లా పంపండి. ఇది మీకు చేరినట్టు జవాబు రాయండి."

పంపాక మెట్ల మీద బూట్ల చప్పుడు వింటూ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తనూ సంచి తీసుకుని, రెండేసి మెట్లు దిగుతూ కిందికి వెళ్ళింది.